గడి ఎవరిది? ఉత్తర తెలంగాణ పాత భవంతుల యాజమాన్యం వెనుక ఉన్న చిక్కుముడి

ఫలానా ఊరి గడిని కూలుస్తున్నారనో, అమ్మేశారనో, అందులో నడుస్తున్న బడిని ఖాళీ చేయమన్నారనో వార్త వచ్చిన ప్రతిసారీ ఉత్తర తెలంగాణలో ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు వినిపిస్తాయి. అది దొరల వారసులదేనని కొందరంటారు. ఊరి జనం వెట్టి చేసి కట్టినది కాబట్టి ఊరిదని ఇంకొందరంటారు. జాగీర్లు రద్దయిన నాడే సర్కారుదైపోయిందని మరికొందరి నమ్మకం. ఎవరు కొని కబ్జాలో ఉంటే వారిదేనని నాలుగో మాట. ఈ నాలుగింటిలో దేన్నీ పూర్తిగా తోసిపుచ్చలేము, అలాగని ఏ ఒక్కదాన్నీ పూర్తిగా ఒప్పుకోనూ లేము. నా ఉద్దేశంలో గందరగోళానికి మూలం ఒక్కటే. 1948 తరువాత వచ్చిన భూసంస్కరణల చట్టాలన్నీ పొలాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి. పొలం పోయినా ఇల్లు మిగిలింది, ఆ ఇంటి సంగతి మాత్రం వారసత్వానికి, స్వాధీనానికి, పాత కాగితాలకు వదిలేసినట్టయింది.

గడి అంటే ఏమిటి, అందులో ఎవరుండేవారు

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో గడి అంటే కేవలం పెద్ద ఇల్లు కాదు. మనిషికి రెండింతలు మూడింతల ఎత్తున్న ప్రహరీ, మూలల్లో బురుజులు, ఏనుగు పట్టేంత కమాను, దానికి ఇనుప బొడిపెలు కొట్టిన జంట తలుపుల దర్వాజ కనిపిస్తాయి. లోపలికి వెళితే ముందు కచేరీ (దొర ఆఫీసు), ఆ వెనుక నాలుగు వైపులా టేకు స్తంభాల మీద నిలిచిన భవంతి, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, ఇంకా వెనుక ధాన్యం కొట్లు, పశువుల కొట్టం, చేదబావి. గోడలకు డంగు సున్నం, కింద గచ్చు, పైన మిద్దె లేదా గూనపెంకు. శిస్తు లెక్కలు, తగాదాల తీర్పులు, జరిమానాలు, ధాన్యం నిలువ, కాపురం అన్నీ ఒకే ప్రహరీ లోపల సాగేవి. ఇల్లూ ఆఫీసూ ఒక్కటే కావడం తరువాతి చిక్కులకు మొదటి బీజం.

అందులో ఉన్నవారందరినీ ఊరు దొర అనే పిలిచినా, వారి హక్కులు ఒకే రకానివి కావు. మొదటి వర్గం సంస్థానాధీశులు. నిజాముకు ఏటా పేష్కష్ (కప్పం) చెల్లిస్తూ తమ ప్రాంతాన్ని తామే పాలించుకున్న కుటుంబాలు ఇవి. నిజామాబాద్ ప్రాంతంలో రాణి జానకీబాయి పేరుతో ఈనాటికీ చెప్పుకొనే సిర్నాపల్లి, కామారెడ్డి జిల్లాలోని దోమకొండ ఈ కోవలోకి వస్తాయి. రెండో వర్గం జాగీర్దార్లు. ప్రభుత్వం ఒక ఊరి శిస్తునో కొన్ని ఊళ్ల శిస్తునో వారికి రాసిచ్చింది. భూమి రైతుదైనా దాని మీది ఆదాయం జాగీర్దారుది. మూడో వర్గం దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు. పరగణాలో శిస్తు వసూలు చేసేవాడు దేశ్‌ముఖ్, లెక్క రాసేవాడు దేశ్‌పాండే. 1860లలో నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ వసూలు బాధ్యతను జీతం తీసుకునే అధికారులకు మార్చి, దేశ్‌ముఖ్‌లకు పోయిన రాబడికి బదులుగా రుసుం (ఒక భత్యం) ఏర్పాటు చేశాడు. వసూలు అధికారం తగ్గినా, సర్వే సెటిల్మెంట్ల కాలంలో వేల ఎకరాలు వారి పేర పట్టాలుగా నమోదయ్యాయి. కనుక దేశ్‌ముఖ్ చేతిలో ఉన్నది జాగీరు కాదు, సొంత పట్టా. ఈ తేడా గుర్తుంచుకోకపోతే ముందుకు కదలడం కష్టం.

1949లో రద్దయింది ఏమిటి

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఏడాది తిరగకముందే, 1949 ఆగస్టు 15న హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. అధికారిక పేరులో అది 1358 ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల లెక్క) నాటి చట్టం. జాగీర్దారుకు ఉన్న పాలనాధికారం, శిస్తు మీది హక్కు దానితో సర్కారుకు చేరాయి, బదులుగా జాగీర్దార్లకు నష్టపరిహారం నిర్ణయించారు. ఇది శిస్తు హక్కు రద్దు. జాగీర్దారు కాపురముండే ఇంటిని ఆయన నుంచి లాక్కోవడం దాని ఉద్దేశం కాదు. దేశ్‌ముఖ్ విషయంలోనైతే ఈ చట్టం దాదాపు వర్తించనే లేదు, ఎందుకంటే ఆయన జాగీర్దారు కాదు. 'జాగీర్ల రద్దుతో గడులన్నీ సర్కారువయ్యాయి' అన్న మాట ఇక్కడే నిలవకుండా పోతుంది.

ఆ తరువాతివి కూడా అంతే. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు సాగుభూమి మీద హక్కు కల్పించింది. 1955 చట్టం ఇనాములను (మాన్యంగా ఇచ్చిన భూములను) రద్దు చేసింది. 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టం, నేల రకాన్ని బట్టి ఒక కుటుంబానికి తరి (నీటి సాగు భూమి) 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) 35 నుంచి 54 ఎకరాలు మించకూడదని హద్దు పెట్టింది. ఆ చట్టంలో భూమి అంటే వ్యవసాయానికి వాడుతున్న లేదా వాడదగిన భూమి. గడి ఉన్న జాగా ఆ నిర్వచనంలోకి రాలేదు. వందల ఎకరాలను మిగులు భూమిగా అప్పగించిన కుటుంబానికీ గడి మాత్రం అలాగే మిగిలింది.

ఒక మినహాయింపు ఉంది. ప్రహరీ లోపలో, ఆనుకొనో ఉన్న గుడి, మసీదు, ధర్మసత్రం వంటివి దేవాదాయ, వక్ఫ్ చట్టాల కిందికి వస్తే వాటి లెక్క వేరు. దొర కట్టించినంత మాత్రాన గుడి దొర సొంత ఆస్తి కాదు, ఒకే ప్రహరీలో ఉన్నంత మాత్రాన గడి గుడి ఆస్తీ కాదు.

ఇంత పెద్ద ఇంటికి పట్టా ఎందుకు దొరకదు

గడి మీద తగాదా వచ్చినప్పుడు వారసులు పట్టా చూపలేకపోతే, అది వారిది కాదనడానికి అదే రుజువని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఊరి నడుమ ఇళ్లు ఉండే జాగాను రెవెన్యూ రికార్డులు గ్రామకంఠం లేదా ఆబాది అని విడిగా చూపుతాయి. శిస్తు రాని నేల కాబట్టి అందులో ఏ ఇల్లు ఎవరిదో పహాణీలో (ఏటేటా రాసే భూమి సాగు రిజిస్టరులో) రాయరు. ఆ మాటకొస్తే గడి పక్కన ఉన్న పెంకుటింటికీ, గుడిసెకూ కూడా పట్టా ఉండదు. గ్రామకంఠంలో హక్కును తరాల స్వాధీనం, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కుటుంబ పంపక కాగితాలు, ఏవైనా ఉంటే రిజిస్టరైన దస్తావేజులు కలిసి చెబుతాయి. ఇంటిపన్ను రసీదు ఒక్కటే హక్కును పుట్టించదు, రెవెన్యూ రికార్డులో పేరు మార్పిడి కూడా పుట్టించదు. సుప్రీంకోర్టు ఈ మాటను ఎన్నో తీర్పుల్లో చెప్పింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆబాదికి కూడా హక్కుల రికార్డు తయారు చేసే ఏర్పాటును చేర్చింది కాబట్టి, ఇన్నాళ్లూ కాగితం మీదికి ఎక్కని తగాదాలు ఇప్పుడు పైకి రావడం సహజం.

గడి తోటగానో, గడి వెనుక చెలకగానో ఉన్న నేల సంగతి ఇందుకు భిన్నం. దానికి సర్వే నంబరు ఉంటుంది. సేత్వార్‌లో (తొలి సర్వే రిజిస్టరులో) అసలు నమోదు, వసూల్ బాకీలో శిస్తు లెక్క, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవారి పేరు పక్కపక్క కాలమ్‌లలో కనిపిస్తాయి. ఇంకా పాత కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. 1340 ఫసలీ అని ఉంటే 590 కలుపుకొని 1930-31 అని చదువుకోవాలి. ఒకే ప్రహరీ కింద ఉన్నట్టు కనిపించే ఆస్తిలో సగానికి పట్టా ఉండి, సగానికి లేకపోవడం ఇందువల్లే.

తాళం వేసి వెళ్లిన కాలం

గడి చేతులు మారిన కథలో 1970ల చివరి ఏళ్లు పెద్ద మలుపు. 1978 సెప్టెంబరులో దొరల పెత్తనానికి వ్యతిరేకంగా రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఏళ్లలోనూ ఆ తరువాతా ఎన్నో దొర కుటుంబాలు ఊరు విడిచి కరీంనగర్‌కో, హనుమకొండకో, హైదరాబాద్‌కో వెళ్లిపోయాయి. భూములు పడావు పడ్డాయి. గడి తాళంచెవులు గుమాస్తా దగ్గరో, మస్కూరి (ఊరి నౌకరు) దగ్గరో ఉండిపోయాయి. 1984లో పటేల్, పట్వారీ పదవులు కూడా రద్దవడంతో ఊరితో ఆ కుటుంబాలకు మిగిలిన అధికార బంధమూ తెగింది.

ఖాళీగా ఉన్న గడిలోకి ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా కొత్తవారు వచ్చారు. కొన్నింట బడి, కొన్నింట పంచాయతీ ఆఫీసు, కొన్నింట పోలీసు క్యాంపు, మరికొన్నింట పాత పనివాళ్ల కుటుంబాలు. ఇక్కడ అడగవలసింది వారు ఎన్నేళ్లుగా ఉన్నారని మాత్రమే కాదు, ఏ హోదాలో వచ్చారని.

కాలపరిమితి చట్టం (లిమిటేషన్ యాక్ట్) ప్రకారం ఒకరి ఆస్తిని మరొకరు యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవిస్తే ప్రతికూల స్వాధీనం వాదన నిలబడవచ్చు. ప్రభుత్వ ఆస్తి అయితే ఆ గడువు 30 ఏళ్లు. కానీ యజమాని అనుమతితో వచ్చినవారి స్వాధీనం ప్రతికూలం కాదు. 'బడి పెట్టుకోండ్రి' అని దొర చెప్పి తాళంచెవి ఇచ్చి ఉంటే, ఆ బడి నలభై ఏళ్లు నడిచినా అది అనుమతి మీద నడిచినట్టే. పైగా పౌరుల ఆస్తి మీద ప్రభుత్వమే ప్రతికూల స్వాధీనం వాదన తేవడాన్ని సుప్రీంకోర్టు 2020లో విద్యాదేవి కేసులో గట్టిగా తిరస్కరించింది.

మరి దొర ఊరికి దానమే చేశాడంటే? ఇల్లు, భూమి వంటి స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టం చెబుతుంది. నలుగురిలో చెప్పిన మాట ఎంత నిజమైనా హక్కును మార్చదు. ఇందులో ఒక ముఖ్యమైన తేడా ఉంది. ముస్లిం వ్యక్తిగత చట్టం ప్రకారం ఇచ్చే హిబాకు (దానానికి) రాతకోతలు తప్పనిసరి కాదు. ఇస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకున్నవారి అంగీకారం, స్వాధీనం అప్పగింత ఉంటే చాలు. కాబట్టి ఒక హిందూ దేశ్‌ముఖ్ గడిని, ఒక ముస్లిం జాగీర్దారు దేవిడీని (భవంతిని) నోటిమాటతోనే ఊరికిచ్చినా, చట్టం ముందు ఆ రెండు మాటల బలం ఒకటి కాదు.

వాటాల లెక్క: ఒక ఊహా ఉదాహరణ

ఒక గడి, దాని ప్రహరీ కలిసి 2 ఎకరాల 10 గుంటలు, అంటే 90 గుంటలు అనుకుందాం. పూర్వుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి. 1962లో ఇంటి పెద్ద వీలునామా రాయకుండా కన్నుమూశాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదట్లో ఉన్న రూపంలో, తండ్రి చనిపోవడానికి ముందు క్షణంలో ఆస్తి పంపకమైనట్టు ఊహించుకోవాలి. జన్మతః హక్కున్నది తండ్రికి, ఇద్దరు కొడుకులకే కాబట్టి తలా 30 గుంటలు. (ఇలాంటి పంపకంలో భార్యకు వేరుగా వాటా తీసే ఆచారం దక్షిణాదిన లేదు.) తండ్రి వంతు 30 గుంటలు మాత్రమే భార్యకు, ముగ్గురు పిల్లలకు సమానంగా, తలా ఏడున్నర గుంటలు వెళ్తుంది. అంటే ఒక్కో కొడుకుకు ముప్పై ఏడున్నర, తల్లికి ఏడున్నర, కూతురికి ఏడున్నర. తరువాత తల్లి కూడా వీలునామా లేకుండా పోతే ఆమె ఏడున్నర గుంటలు పిల్లలు ముగ్గురికీ రెండున్నర చొప్పున వస్తాయి. చివరి లెక్క: కొడుకులకు 40, 40, కూతురికి 10.

పైగా ఆ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం పూర్తిగా కాపురముంటున్న ఇంట్లో మగ వారసులు తమంత తాము పంచుకునే దాకా ఆడపిల్ల పంపకం అడగడానికి లేదు. గడుల విషయంలో ఆడపిల్లల పేర్లు ఎక్కడా వినపడకపోవడానికి ఇది ఒక చట్టబద్ధమైన కారణం.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ 23వ సెక్షన్‌ను తీసేసింది, కూతురికి కొడుకుతో సమానంగా జన్మతః హక్కు ఇచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని, 1956 చట్టం చెప్పిన ఊహా పంపకం నిజమైన పంపకం కాదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన ఉదాహరణలో గడి ఇప్పటికీ పంచుకోకుండా ఉండి, కూతురు 2005 నాటికి బతికి ఉంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు: తలా ఇరవై రెండున్నర. తండ్రి వాటా నలుగురికీ, తల్లి వాటా ముగ్గురికీ పంచితే చివరికి ముగ్గురు పిల్లలకూ సరిగ్గా 30 గుంటల చొప్పున వస్తాయి. అదే గడి, అదే కుటుంబం. కూతురి వాటా 10 నుంచి 30 గుంటలకు పెరిగింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం, కోర్టు డిక్రీ, అమ్మకం జరిగి ఉంటే వాటిని ఈ సవరణ తిరగదోడదు.

మూడు తరాలు గడిస్తే ఈ ముగ్గురి స్థానంలో పది పదిహేను మంది ఉంటారు. అందులో కొందరు హైదరాబాద్‌లో, కొందరు విదేశాల్లో, కొందరు ఊరి ముఖం చూడనివారు. వీరందరూ సంతకం పెడితే తప్ప గడి మొత్తంగా చేతులు మారదు.

తెల్లకాగితం మీద కొన్నవారు

ఇదే ఉదాహరణలో పెద్దకొడుకు 1985లో ఊళ్లోని ఒక వ్యాపారికి గడి మొత్తాన్ని సాదాబైనామా (రిజిస్టరు చేయకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) మీద అమ్మాడనుకుందాం. వంద రూపాయలు, అంతకు మించిన విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. కాలేదు కాబట్టి ఆ కాగితం హక్కును బదలాయించదు. రిజిస్టరై ఉన్నా అమ్మినవాడి వాటాకే చెల్లేది. తనది కానిదాన్ని ఎవరూ అమ్మలేరు. ప్రభుత్వం పలుమార్లు చేపట్టిన సాదాబైనామాల క్రమబద్ధీకరణ వ్యవసాయ భూములకు ఉద్దేశించింది, ఊరి నడుమ భవంతికి కాదు. అయినా ఆ వ్యాపారి చేతిలో ఏమీ లేదనడం కూడా తప్పే. డబ్బు ఇచ్చి, స్వాధీనం తీసుకొని, ఒప్పందం ప్రకారం ఉంటున్న వ్యక్తికి కొన్ని రక్షణలు ఉంటాయి. ఎంత కాలంగా, ఎవరికి తెలిసి ఉంటున్నాడన్నది కోర్టు చూస్తుంది.

ఇలాంటి చోట ఇసి (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీసి చూసి, 'నిల్' అని వచ్చింది కాబట్టి తగాదా లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఇసిలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచి ఉన్న వివరాలు. వంద ఏళ్లుగా ఒక్క దస్తావేజూ రిజిస్టరు కాని గడికి ఇసి శుభ్రంగానే వస్తుంది. దాని వెనుక పదిహేను మంది వాటాదారులు, ఒక సాదాబైనామా, ఒక బడి ఉన్నా సరే.

ఊరి వాదన, వారసుల వాదన

వెట్టి సంగతి పక్కన పెట్టి గడి గురించి మాట్లాడటం న్యాయం కాదు. ఆ మట్టి మోసినవారికి, సున్నం దంచినవారికి, అడవి నుంచి దుంగలు లాగినవారికి కూలి ముట్టని ఊళ్లు ఎన్నో. జనగామ ప్రాంతంలోని కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన చరిత్ర ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా బతికే ఉంది. అలాంటి గడి ఊరికి చెందాలనడంలో నైతిక బలం ఉంది. చట్టం మాత్రం కట్టినవారి శ్రమ నుంచి యాజమాన్యం పుట్టిందని ఒప్పుకోదు. ఊరి కోసం గడి కావాలంటే ప్రభుత్వం 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారమిచ్చి తీసుకోవచ్చు, లేదా వారసులు రిజిస్టరు చేసి ఇవ్వవచ్చు.

వారసుల వాదనా వినదగినదే. భూములు భూ గరిష్ఠ పరిమితి చట్టానికి, కౌలుదారులకు పోయాయి, మిగిలింది ఇల్లొక్కటే, తాతల పాపానికి మనుమల ఇంటిని ఎలా తీసుకుంటారని వారడుగుతారు. వారిలోనే గడిని బాగు చేసి నిలబెట్టినవారూ ఉన్నారు. దోమకొండ కోటను కామినేని వంశస్థులు పునరుద్ధరించగా, ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ లోలోపలే గుల్లబారుతుంది. అందుకే ఇలాంటి కట్టడాలకు మళ్లీ సున్నమే వాడాలి, అది ఖర్చుతో, ఓపికతో కూడిన పని. అంతటి స్తోమత అన్ని కుటుంబాలకూ ఉండదు.

2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఒక కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటిస్తే, దాన్ని కూల్చడానికీ మార్చడానికీ అడ్డుకట్ట పడుతుంది. యాజమాన్యం మాత్రం దానంతట అది సర్కారుకు మారదు. రక్షణ వేరు, హక్కు వేరు.

పంపకం దావా వేస్తే ఏమవుతుంది

వాటాలు తేలాక కూడా గడిని ఎలా పంచాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. చెలకను గెట్లు పెట్టి పంచవచ్చు. నడుమ వాకిలి, ఒకే దర్వాజ, ఒకే బావి, ఒకదాని మీద ఒకటి ఆనిన దూలాలు ఉన్న భవంతిని మూడు ముక్కలు చేయలేరు. సహేతుకంగా విభజించలేని ఆస్తి అని కోర్టు భావిస్తే, సగం లేదా అంతకు మించిన వాటా ఉన్నవారు అడిగినప్పుడు, 1893 నాటి విభజన చట్టం ప్రకారం అమ్మి డబ్బు పంచమని ఆదేశించవచ్చు. ఆ దశలో మిగతా వాటాదారులు కోర్టు నిర్ణయించిన విలువకు ఆ వాటాలను కొనుక్కునే వీలుంది. బయటివాడు ఒక వాటా కొని కుటుంబం ఇంటిలో పంపకం కోరితే, ఆ వాటాను అతని నుంచి కుటుంబ సభ్యులు కొనుక్కునే హక్కును అదే చట్టం 4వ సెక్షన్ ఇస్తుంది. మన ఉదాహరణలో ముగ్గురికీ 30 గుంటల చొప్పున ఉన్నాయి కాబట్టి ఎవరికీ సగం వాటా లేదు. అమ్మకం అడగాలన్నా కనీసం ఇద్దరు కలవాలి.

ఇద్దరు కలిసే పరిస్థితి, డబ్బు పెట్టి మిగతా వాటాలు కొనే స్తోమత లేనప్పుడు కుటుంబాలు కోర్టు బయట సులువైన దారి వెతుక్కుంటాయి. కట్టడం ఉన్నంత కాలం పంచలేరు, కట్టడం లేకపోతే 90 గుంటల ఖాళీ జాగాను ఒక్క పూటలో కొలిచి పంచుకోవచ్చు. అందుకే రాజీ కుదిరిన గడుల్లో ముందుగా దర్వాజలు, టేకు స్తంభాలు, దూలాలు పాత కలప కొనేవారికి వెళ్తాయి, తరువాత గోడలు పడతాయి, ఆపైన సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతుతాడు.